ఖైదీ నవ్వింది, షెరీఫ్ మెత్తబడ్డాడు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

రెండు వారాల కింద ఇదే శీర్షికలో పాత అమెరికన్ కామెడీ సీరియల్ 'ది ఆండీ గ్రిఫిత్ షో' గురించి నాలుగు ముక్కలు రాశాను. అందులో ఒక అందమైన ఖైదీ ఒక రాత్రి చిన్న ఊరి లాకప్‌లో ఉండటం, కాపలా ఉండాల్సిన వాళ్లంతా ఆమె చుట్టూ తిరగడం కథగా వచ్చే ఎపిసోడ్ ఒకటుందని చెప్పాను. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా దాని గురించే. అందుకని మిగతా ప్రశ్నలు వచ్చే వారానికి పెట్టుకుని, ఇవాళ పూర్తిగా వీటికే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: మా నాన్నగారు హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యారు. మీరు చెప్పిన ఎపిసోడ్ ఇద్దరం కలిసి చూశాం. నేను చివరిదాకా నవ్వుతూనే ఉన్నాను. నాన్న మాత్రం సగంలో నవ్వడం మానేసి, 'ఒంటరిగా ఉండకు నాయనా, ఇంకొకణ్ని పిలువు' అని టీవీతో మాట్లాడటం మొదలుపెట్టారు. అంత మంచి షెరీఫ్ నిజంగా అంత తేలిగ్గా పడిపోతాడా? కథ కోసం అలా రాశారు కదా? (మలక్‌పేట నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: ముందు మీ నాన్నగారికి నా నమస్కారం చెప్పండి. ఆయన నవ్వడం ఆపిన చోటే నాకు ఆ ఎపిసోడ్ అసలు మొదలవుతుంది.

చూడనివాళ్ల కోసం క్లుప్తంగా చెబుతాను. ఊరి పేరు మేబెరీ, ఉత్తర కరోలినాలో ఉన్నట్టు ఊహించి సృష్టించిన పట్టణం. అక్కడి పోలీసు పెద్ద, అంటే షెరీఫ్, ఆండీ టేలర్. భార్య పోయినవాడు, ఓపీ అనే చిన్న కొడుకుని పెంచుకుంటూ ఉంటాడు. అతని కింద పనిచేసే డిప్యూటీ పేరు బార్నీ ఫైఫ్. వాళ్ల లాకప్‌లో ఉన్నవి రెండే సెల్లు, అవి ఎక్కువగా ఉపయోగపడేది ఊళ్లో తాగుబోతు ఓటిస్‌కి. అతను తాగి వచ్చి, గోడకి తగిలించిన తాళంచెవి తనే తీసుకుని, తనే లోపల పడుకుని, తెల్లారాక తనే తలుపు తీసుకుని ఇంటికి పోతాడు. అలాంటి చోటికి ఒక యువతిని తీసుకొచ్చి, ఈ ఒక్క రాత్రి ఉంచుకోండని అప్పజెబుతారు. ఎపిసోడ్ పేరు 'ప్రిజనర్ ఆఫ్ లవ్', 1964 ఫిబ్రవరి 10న ప్రసారమైంది. ఇక ఆ రాత్రి డ్యూటీ నేను చేస్తానంటే నేను చేస్తానని షెరీఫూ డిప్యూటీ పోటీ పడటం, చివరికి అందరికంటే నెమ్మదస్తుడైన ఆండీయే ఆమె మాటల్లో కరిగిపోవడం, ఇదీ కథ. ఆమె ఎత్తు పారదు. ఎలా పారదో చెప్పను, చూడండి.

ఇప్పుడు మీ ప్రశ్న. కథ కోసం రాసింది కాదమ్మా, అది మనుషుల్ని బాగా చూసినవాళ్లు రాసింది. ఇలా గట్టిగా చెప్పడానికి నా దగ్గర ఒక కారణం ఉంది.

మా బాబాయి పాతబస్తీలో ఒక పోలీస్ స్టేషన్‌లో సెంట్రీగా పనిచేసేవాడు. నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు, ఆయనకి నైట్ డ్యూటీ పడితే పిన్ని సర్దిచ్చిన క్యారియర్ తీసుకుని నేనే వెళ్లేవాణ్ని. ఒకరోజు లాకప్‌లో చిట్టీల పేరుతో మోసం చేశాడన్న కేసులో ఒకాయన ఉన్నాడు. యాభై ఏళ్లుంటాయి. తెల్ల చొక్కా, లాకప్‌లో కూడా నలగకుండా ఉంది. నన్ను చూసి ఏం చదువుతున్నావని అడిగాడు, లెక్కలంటే భయమా అన్నాడు, తొమ్మిదో ఎక్కం వేళ్ల మీద ఎలా చెప్పాలో ఊచల అవతల నుంచే చేతులు చాపి చూపించాడు. మా ఇంట్లో ఎవరూ నాతో అంత ఓపిగ్గా మాట్లాడింది లేదు. అంతలో హోటల్ కుర్రాడు ఇరానీ చాయ్ రెండు కప్పులు తెచ్చాడు. బాబాయి ఒకటి తను తీసుకుని రెండోది ఆయనకి ఇవ్వబోయాడు. కప్పూ సాసరూ కలిపి ఊచల సందులో పట్టలేదు. ఆయన నవ్వి, 'చాయ్ కప్పులో తాగితేనే చాయ్ సాబ్, తలుపు ఇంత తీస్తే చాలు' అన్నాడు, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చిటికెడు ఖాళీ చూపిస్తూ.

బాబాయి చెయ్యి నడుము దగ్గరున్న తాళంచెవుల గుత్తి మీదికి పోయింది. నేను చూశాను. అక్కడే కాసేపు ఆగింది. తర్వాత బాబాయి మంచినీళ్ల కుండ మీదున్న స్టీలు గ్లాసు తీసి, చాయ్ అందులోకి వంచి, గ్లాసు ఊచల్లోంచి లోపలికి ఇచ్చాడు. ఖైదీ తీసుకున్నాడు. ఇద్దరూ ఇంకేం మాట్లాడలేదు.

ఆదివారం ఇంటికొచ్చినప్పుడు బాబాయి దాని గురించి తనే చెప్పాడు. 'నాకు తలుపు తియ్యాలనే అనిపించింది రా. వాడు పారిపోతాడన్న ఆలోచన కూడా రాలేదు. తీయకపోతే మర్యాద తెలియనివాణ్ని అయిపోతానేమో అని సిగ్గేసింది.' ఆ మనిషి నిజంగా పారిపోదామనే అడిగాడో, కప్పులో తాగాలని సరదాపడ్డాడో బాబాయికీ తెలియదు, నాకూ తెలియదు. కానీ ఆ సిగ్గు మాత్రం నాకు బాగా గుర్తుండిపోయింది. చాలా ఏళ్ల తర్వాత మేబెరీ ఎపిసోడ్ చూసినప్పుడు ఆండీ మొహంలో నాకు కనిపించింది అదే. అతను చెడ్డవాడై మెత్తబడలేదు. ఊళ్లో తగాదాలన్నీ మంచి మాటతో తీర్చే మనిషి, ఖైదీనైనా మనిషిలాగే చూసే మనిషి, ఎవరినీ నొప్పించడం చేతకాని మనిషి. ఆమె పట్టుకున్నది సరిగ్గా ఆ మంచితనాన్నే. కఠినంగా ఉండేవాడితో ఆమె పని అయ్యేది కాదు.

మీ నాన్నగారు 'ఇంకొకణ్ని పిలువు' అన్నారు చూడండి, అంతకంటే మంచి మాట నేను చెప్పలేను. రాత్రిపూట కాపలా ఇద్దరిది కావాలి. రెండో మనిషి ఉంటే మొదటివాడికి సిగ్గుపడాల్సిన పని ఉండదు, 'వాడు ఒప్పుకోడు' అని చెప్పి బయటపడొచ్చు. ఇంకో మాట కూడా ఉంది. ఆ ఎపిసోడ్‌లోలాగా ఒక ఆడమనిషిని ఇద్దరు మగవాళ్ల కాపలాలో రాత్రంతా ఉంచడాన్ని మన చట్టాలు ఇవాళ ఒప్పుకోవు. సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయం ముందు మహిళని అరెస్టు చేయాలంటేనే అసాధారణమైన కారణం ఉండాలి, మహిళా అధికారి ఉండాలి, ముందుగా మేజిస్ట్రేట్ అనుమతి తీసుకోవాలి. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో ఇది 43వ సెక్షన్, అంతకుముందు పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్పీసీ)లో 46వ సెక్షన్ కింద ఉండేది. ఆ మహిళకి రక్షణ కోసం పెట్టిన నియమం అది, పెట్టాల్సిందే. కాపలా వాళ్లకి కూడా అదే రక్షణ అని నాకనిపిస్తుంది.

ప్రశ్న: సీరియల్లో అయితే సరే. మన దేశంలో మాటలతో, మర్యాదలతో జైలు వాళ్లని బుట్టలో వేసుకుని బయటికొచ్చినవాళ్లు నిజంగా ఉన్నారా? (నల్లకుంట నుంచి ఒక డిగ్రీ విద్యార్థి)

జవాబు: ఉన్నారు, అందరికంటే ముందు గుర్తొచ్చేది చార్లెస్ శోభరాజ్. 1976లో ఢిల్లీలో పట్టుబడి తిహార్ జైల్లో ఉన్నాడు. అక్కడ అతని పలుకుబడి ఎంత పెరిగిందంటే ఖైదీలా కాకుండా అతిథిలా బతికాడని ఆ కాలం పత్రికలు రాశాయి. 1986 మార్చి 16న పుట్టినరోజు వేడుకంటూ కాపలా వాళ్లకి మిఠాయిలు పంచాడు, వాటిలో మత్తుమందు ఉంది. వాళ్లు నిద్రలో ఉండగా గేటు దాటి వెళ్లిపోయాడు. మూడు వారాల తర్వాత గోవాలో ఒక రెస్టారెంట్‌లో ముంబై పోలీస్ ఇన్‌స్పెక్టర్ మధుకర్ జెండే అతన్ని పట్టుకున్నాడు.

ఇక్కడ నేను చూసేది మత్తుమందుని కాదు. కాపలా ఉన్నవాడు ఖైదీ చేతి మిఠాయి తీసుకుని నోట్లో వేసుకున్నాడంటే, అది ఆ ఒక్క రోజులో జరిగేది కాదు కదా. నెలల తరబడి పలకరింపులు, చిన్న చిన్న సాయాలు, ఇంటి విషయాలు, బాకీలు, పిల్లల చదువులు, ఇవన్నీ అయ్యాక కదా మిఠాయి దాకా వచ్చేది. మిఠాయి వద్దంటే బాగుండదు అనిపించేంత చనువు ముందే ఏర్పడి ఉండాలి. మేబెరీలో ఒక్క రాత్రిలో జరిగిందాన్ని ఇక్కడ ఏళ్లకేళ్లు జరిగినట్టు ఊహించుకోండి, తేడా అంతే. అయితే శోభరాజ్ మీద హత్యా నేరాలున్నాయి, అతని చేతుల్లో పోయినవాళ్ల కుటుంబాలున్నాయి, అందుకే అతని చాకచక్యాన్ని మెచ్చుకుంటూ రాసేవాళ్లని చూస్తే నాకు బాధేస్తుంది.

అలాగని ఖైదీలెవరినీ నమ్మకూడదని కూడా నేననను. చంచల్‌గూడ జైలు పక్కన జైళ్లశాఖ నడిపే పెట్రోల్ బంకులో పనిచేసేది ఖైదీలే. నేను నా స్కూటర్‌కి చాలాసార్లు అక్కడే పెట్రోల్ పోయించుకున్నాను, ఒక్క రూపాయి తేడా రాలేదు. అక్కడ నమ్మకం పట్టపగలు, అందరి ముందు, లెక్కా రిజిస్టరూ ఉన్న చోట ఇస్తున్నారు. రాత్రి ఒంటరిగా ఉన్న ఒక మనిషి తన మనసు మెత్తబడి ఇచ్చే నమ్మకం వేరు.

ప్రశ్న: షెరీఫ్ దగ్గర తుపాకీ ఎందుకు లేదు? డిప్యూటీ ఒకే ఒక్క తూటా జేబులో ఎందుకు పెట్టుకుంటాడు? (కూకట్‌పల్లి)

జవాబు: ఆండీ తుపాకీ కట్టుకోడు, మాటతో పని అవుతుందని అతని నమ్మకం. బార్నీకి తుపాకీ ఉంటుంది కానీ, కంగారులో పేల్చేస్తాడని ఆండీ అతనికి ఒక్క తూటాయే ఇచ్చి, అది కూడా చొక్కా జేబులో పెట్టుకోమంటాడు. బార్నీ వేషం వేసిన డాన్ నాట్స్‌కి ఆ పాత్రకే ఐదు ఎమ్మీలు, అంటే అమెరికా టీవీ అవార్డులు, వచ్చాయి. 1960 నుంచి 1968 దాకా మొత్తం 249 ఎపిసోడ్‌లు వచ్చాయి, మొదటి ఐదు సీజన్లు బ్లాక్ అండ్ వైట్. బార్నీ ఆ ఐదు సీజన్లలోనే పూర్తిగా ఉంటాడు, అందుకని కొత్తగా చూసేవాళ్లు అక్కడి నుంచే మొదలుపెట్టండి. ఓపీగా చేసిన చిన్నపిల్లాడు రాన్ హోవర్డ్, తర్వాత పెద్ద దర్శకుడయ్యాడు.

ప్రశ్న: మా ఆయన ఏఆర్ (ఆర్మ్‌డ్ రిజర్వ్) కానిస్టేబుల్. రిమాండు ఖైదీలని జైలు నుంచి నాంపల్లి కోర్టుకి తీసుకెళ్లే ఎస్కార్ట్ డ్యూటీ. ఈ మధ్య ఒక ఖైదీ గురించి ఇంట్లో చాలా చెబుతున్నారు. చాలా మర్యాదస్తుడట, మా బాబు పుట్టినరోజు కూడా గుర్తుపెట్టుకుని అడిగాడట. మొన్న దారిలో టిఫిన్ చేద్దామంటే వ్యాన్ ఆపి ఈయనే డబ్బులిచ్చారట. మీరు రాసింది చదివినప్పటి నుంచి నాకు టెన్షన్‌గా ఉంది. ఆయనకి ఎలా చెప్పాలి? (ఊరి పేరు రాయవద్దన్నారు)

జవాబు: తల్లీ, నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నీ భయం సరైనదే, ముందు ఆ మాట చెప్పనివ్వు. అయితే ఆయన ఏదో తప్పు చేశాడన్నట్టు మొదలుపెట్టకు. ఆయన చేసింది ఒక మనిషి ఆకలి చూసి టిఫిన్ పెట్టించడం. అందులో నాకు చెడ్డతనమేమీ కనబడలేదు. ఇబ్బందంతా వ్యాన్ ఆగడంలో ఉంది.

సంకెళ్ల సంగతి ఆయనకి నాకంటే బాగా తెలుసు. ఖైదీకి మామూలుగా అందరికీ వేసినట్టు సంకెళ్లు వేయకూడదని సుప్రీంకోర్టు 1980లోనే ప్రేమ్ శంకర్ శుక్లా కేసులో చెప్పింది, మనుషుల గౌరవం కోసం చెప్పిన మంచి తీర్పు అది. కానీ దాని అర్థం, ఎస్కార్ట్ వాళ్ల కళ్లే అక్కడ సంకెళ్లు. దారిలో వ్యాన్ ఆగిందంటే తలుపు తెరుచుకుంటుంది, చేతులు కడుక్కోవాలంటారు, ఒకరు బిల్లు కట్టడానికి వెళతారు, ఇంకొకరు ఫోన్ మాట్లాడతారు. ఖైదీ పారిపోతే, నిర్లక్ష్యం వల్లే అని తేలితే, భారతీయ న్యాయ సంహిత 261వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలుశిక్ష పడొచ్చు. పాత ఐపీసీలో అది 223. ముందు సస్పెన్షన్, ఆ తర్వాత విచారణలు, ఇంట్లో జీతం ఆగిపోవడం, ఇవన్నీ నువ్వు అనుభవించాల్సినవి కూడా కాబట్టి అడిగే హక్కు నీకుంది.

ఆయనతో ఇలా అనమ్మా. 'బాబు పుట్టినరోజు ఆ ఖైదీకి ఎలా తెలిసింది?' అంతే అడుగు, కోపంగా కాదు, అన్నం పెట్టేటప్పుడు మామూలుగా అడిగినట్టు. జవాబు చెబుతూ చెబుతూ ఆయనే ఆగిపోతాడు చూడు. ఎందుకంటే అది ఆయనే చెప్పి ఉంటాడు, ఎప్పుడు చెప్పాడో గుర్తుండదు. ఇంటి విషయాలు వ్యాన్‌లో మాట్లాడుకోవడం మానేయమను. ఫలానా ఖైదీ బాగా చనువుగా ఉంటున్నాడని పైవాళ్లతో ఒక్క మాట చెప్పి, రెండు వాయిదాలకి వేరే బ్యాచ్‌ని వేయమని అడగమను. అలా అడగడంలో చిన్నతనం లేదు, ఎంతో సర్వీసున్న వాళ్లు కూడా అడుగుతారు. ఆకలి అంటే, బయల్దేరేముందే జైల్లో తినేసి ఎక్కమని చెప్పమను, లేదా పొట్లం కట్టించుకుని వ్యాన్‌లోనే ఇవ్వమను. మా బాబాయి చాయ్ ఇవ్వడం మానలేదు కదా, గ్లాసులో పోసి ఇచ్చాడు.

ఇంకొక్క మాట. ఆ ఖైదీ నిజంగానే మంచివాడైతే, వ్యాన్ ఆపకపోయినా మంచివాడిగానే ఉంటాడు. రెండు మూడు వాయిదాల్లో అది మీ ఆయనకే తెలిసిపోతుంది. ఏమైందో నాకు మళ్లీ రాయి.

ప్రశ్న: ఆ ఖైదీగా వేసిన అమ్మాయి ఎవరు? తర్వాత ఏమైంది? (సికింద్రాబాద్ నుంచి ఇద్దరు, మలక్‌పేట పాఠకురాలు కూడా)

జవాబు: ఆమె పేరు సుసాన్ ఆలివర్. 'స్టార్ ట్రెక్' అనే అంతరిక్ష కథల సీరియల్ చూసినవాళ్లకి ఒంటికి ఆకుపచ్చ రంగు వేసుకుని నాట్యం చేసే అమ్మాయిగా గుర్తుంటుంది, అదీ ఈమే. కానీ నాకు ఆమె మీద గౌరవం పెరిగింది వేరే కారణానికి. 1959 ఫిబ్రవరిలో ఆమె ప్రయాణిస్తున్న విమానం అట్లాంటిక్ మీద ఉండగా అదుపు తప్పి, దాదాపు 35 వేల అడుగుల ఎత్తు నుంచి సుమారు 6 వేల అడుగుల దాకా పడిపోయి, ఆఖరి క్షణాల్లో పైలట్ల చేతికి దొరికింది. ఆ భయంతో ఆమె చాలాకాలం విమానం ఎక్కలేదు. తర్వాత ఆ భయం పోగొట్టుకోవడానికి చికిత్స తీసుకుని, చివరికి తనే విమానం నడపడం నేర్చుకుంది. 1967లో ఒకే ఇంజిన్ ఉన్న చిన్న విమానంలో న్యూయార్క్ నుంచి ఒక్కతే అట్లాంటిక్ దాటింది. మాస్కో దాకా వెళ్లాలనుకుంది కానీ సోవియట్ వాళ్లు తమ ఆకాశంలోకి రావడానికి అనుమతి ఇవ్వలేదు, అందుకని డెన్మార్క్‌లోనే ఆగిపోయింది. 1970లో అమెరికాలో మహిళా పైలట్ల పందెం పౌడర్ పఫ్ డెర్బీలో గెలిచిన విమానంలో కో-పైలట్ ఆమే. 1990లో కన్నుమూసింది.

మలక్‌పేట పాఠకురాలికి ఒక కోరిక. ఈసారి ఆ ఎపిసోడ్ పెట్టినప్పుడు ఆమె నటన ఒక్కటే చూడండి, నాన్నగారిని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి. ఏ క్షణంలో ఆయన 'ఇంకొకణ్ని పిలువు' అన్నారో రాసి పంపండి, నేను అనుకుంటున్న చోటూ అదేనా అని చూసుకుంటాను.